పండించడం నేర్పి, తగ్గించమన్న మంత్రి

1933 వేసవిలో అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులు పూత, కాయ మీదున్న పత్తి చేలను తామే దున్నేశారు. సుమారు కోటి ఎకరాల పంట మట్టిలో కలిసిపోయింది. దున్నమన్నది ప్రభుత్వమే, అందుకు ప్రతిఫలంగా పదికోట్ల డాలర్లకు పైగా చెల్లించిందీ ప్రభుత్వమే. వరుసల మధ్యనే నడవాలని, మొక్కను తొక్కరాదని ఏళ్ల తరబడి అలవాటు పడిన కంచరగాడిదలు పచ్చని పైరు మీద అడుగు వేయడానికి మొరాయించాయని ఆనాటి పత్రికలు రాశాయి. ఈ పథకాన్ని అమలు చేసిన వ్యవసాయ మంత్రి హెన్రీ అగార్డ్ వాలెస్. ఎకరాకు మునుపెన్నడూ లేనంత దిగుబడినిచ్చే సంకర మొక్కజొన్న విత్తనాల కోసం అంతకు ఏడేళ్ల క్రితమే కంపెనీ పెట్టినదీ ఆయనే.

పంట పెంచే విద్యను, పంట తగ్గించే చట్టాన్ని ఒకే వ్యక్తి దేశానికి ఇవ్వడం వింతగా తోచవచ్చు. అయితే అది వ్యక్తిగత చాపల్యం కాదు. పరిశ్రమలు వర్ధిల్లిన దేశంలో రైతు రాబడి పట్టణవాసి రాబడి కంటే ఎందుకు వెనకబడుతుందన్న చిక్కుముడిని ఆయన రెండు వైపుల నుంచీ విప్పబోయారు. ఆ తర్వాత మూడు, నాలుగు దశాబ్దాలకు అమెరికాలో ఆ అంతరం గణనీయంగా తగ్గింది, చివరకు తొలగింది కూడా. కాని అది తొలగిన దారి వాలెస్ వేసిన రెండు దారుల్లో ఏదీ కాదు. మద్దతు ధర గురించి ఇప్పటికీ తెగని వాదం నడుస్తున్న మనదేశంలో ఆయన జీవితం తెలుసుకోదగ్గది.

అందాల కంకులు

వాలెస్ 1888 అక్టోబర్ 7న అయోవా రాష్ట్రంలోని ఓరియెంట్ అనే చిన్న ఊరి దాపున ఒక వ్యవసాయ క్షేత్రంలో జన్మించారు. తాత పేరూ, తండ్రి పేరూ హెన్రీయే. తాత క్రైస్తవ మతబోధకుడిగా ఉండి, తర్వాత వ్యవసాయ పాత్రికేయుడిగా మారారు. వాలెసెస్ ఫార్మర్ అనే కుటుంబ పత్రిక మొక్కజొన్న పండే రాష్ట్రాలలో రైతుల ఇంటింటి పత్రిక అయింది. తండ్రి ఏమ్స్ పట్టణంలోని అయోవా వ్యవసాయ కళాశాలలో బోధించేవారు. అదే కళాశాలలో అప్పట్లో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అనే నల్లజాతి యువకుడు వృక్షశాస్త్రం చదువుతుండేవారు. బానిస కుటుంబంలో పుట్టి, వేరుశనగ మీద చేసిన పరిశోధనలతో తదనంతరం దేశమంతా పేరు పొందిన కార్వర్ ఈయనే. అధ్యాపకుడి కుమారుడైన చిన్నారి హెన్రీని వెంటబెట్టుకుని పొలాల గట్ల మీద తిరుగుతూ, పువ్వులో భాగాలను, గడ్డిజాతుల తేడాలను ఆయన చూపించేవారు. నల్లవారితో శ్వేతజాతి పిల్లలు చేతులు కలపడమే అరుదైన కాలమది.

ఆ రోజుల్లో అయోవాలో మొక్కజొన్నకు అందాల పోటీలు జరిగేవి. గింజలు తీరైన వరుసల్లో, కంకి కొస వరకూ నిండుగా ఉన్నదానికి బహుమతి ఇచ్చేవారు. అందమైన కంకి నుంచి తీసిన గింజే మేలైన విత్తనమని పండితులు కూడా ప్రచారం చేసేవారు. పదిహేను, పదహారేళ్ల వాలెస్ ఆ మాటను నమ్మక, బహుమతి పొందిన కంకుల గింజలను, వెనక పడేసిన కంకుల గింజలను వేర్వేరు వరుసల్లో నాటి, పంట వచ్చాక తూచి చూశారు. కంకి అందానికి, దిగుబడికి సంబంధం లేదని తేలింది. చూపు చెప్పేదాన్ని కాక తూకం చెప్పేదాన్ని నమ్మడం అప్పటి నుంచి ఆయనకు అలవాటయింది.

1910లో కళాశాల చదువు ముగించి వాలెస్ కుటుంబ పత్రికలో చేరారు. పంటల ధరలు ఎందుకు పెరుగుతాయో, ఎందుకు పడతాయో తెలుసుకోవడానికి గణాంకశాస్త్రాన్ని సొంతంగా నేర్చుకున్నారు. అయోవాలో మొక్కజొన్న చాలా భాగం అమ్మకానికి కాక పందుల మేతకు పోయేది. కాబట్టి అక్కడి రైతుకు మొక్కజొన్న ధర ఒక్కటే తెలిస్తే చాలదు, పంది మాంసం ధరకూ దానికీ గల నిష్పత్తి తెలియాలి. ఆ నిష్పత్తి ఎప్పుడు లాభమో, ఎప్పుడు నష్టమో వాలెస్ పట్టికలు కట్టి పాఠకులకు అందించారు. వ్యవసాయ ధరల మీద 1920లో ఆయన వెలువరించిన గ్రంథం అమెరికాలో ఆర్థిక గణాంక విశ్లేషణకు తొలినాళ్ల రచనల్లో ఒకటిగా గుర్తింపు పొందింది. పత్రికా సంపాదకుడు రాత్రిళ్లు లెక్కల యంత్రం ముందు కూర్చునే దృశ్యం మన పత్రికారంగంలోనూ అరుదే.

మరోవైపు మొక్కజొన్న మీద ప్రయోగాలు సాగుతూనే ఉన్నాయి. ఒకే వంశాన్ని తనలో తానే పరాగసంపర్కం చేయిస్తూ తరాల పాటు పెంచితే మొక్క గిడసబారుతుంది. అలాంటి రెండు బలహీన వంశాలను కలిపితే పుట్టే తొలితరం మాత్రం తల్లిదండ్రులిద్దరినీ మించి పెరుగుతుంది. ఆడ వరుసల్లోని మగపూతను తుంచేసి, పక్క వరుస పుప్పొడి మాత్రమే పడేలా చూస్తే సంకర విత్తనం తయారవుతుంది. ఈ పద్ధతిలో వాలెస్ రూపొందించిన రకం 1924లో అయోవా దిగుబడి పోటీలో బంగారు పతకం పొందింది. 1926లో స్థాపించిన హైబ్రెడ్ కార్న్ కంపెనీ తర్వాత పయొనీర్ పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఇందులో ఇంకొక మెలిక ఉంది. సంకర పంట గింజలను మరుసటి ఏడు విత్తితే దిగుబడి పడిపోతుంది. అంతకుముందు తన గాదెలోంచి విత్తనం తీసుకున్న రైతు ఏటేటా కొనక తప్పదు. దిగుబడితో పాటే పెట్టుబడి కూడా ఆ రోజు నుంచే పెరగనారంభించింది.

యుద్ధం ముగిశాక

1909 నుంచి 1914 వరకు గల కాలాన్ని అమెరికా రైతులు స్వర్ణయుగంగా తలచుకునేవారు. పంట అమ్మగా వచ్చిన డబ్బుతో నాగళ్లు, బట్టలు, సామాన్లు న్యాయమైన నిష్పత్తిలో కొనగలిగిన కాలమది. తర్వాత వచ్చిన ప్రపంచయుద్ధం ధరలను మరింత ఎగదోసింది. ఐరోపా ఆకలి తీర్చడానికి రైతులు అప్పులు చేసి భూములు కొన్నారు, బీళ్లు దున్నారు. యుద్ధం ముగిసి ఐరోపా మళ్లీ పండించుకోసాగింది. 1920 వేసవిలో బుషెల్, అంటే సుమారు 25 కిలోల మొక్కజొన్న, ఒకటిన్నర డాలర్లకు పైన పలికింది. 1921 చివరికి అర డాలరు కిందికి దిగిపోయింది. ధర దిగింది గాని అప్పు దిగలేదు.

సరిగ్గా ఆ సమయంలో వాలెస్ తండ్రి దేశ వ్యవసాయ మంత్రిగా ఉన్నారు. మిగులు పంటను ప్రభుత్వమే కొని విదేశాల్లో తక్కువకు అమ్మి, స్వదేశంలో ధర నిలబెట్టాలన్న ప్రతిపాదనను ఆయన సమర్థించారు. వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ అడుగడుగునా అడ్డుపడ్డారు. 1924 అక్టోబరులో తండ్రి పదవిలో ఉండగానే మరణించారు. ఈ ఘర్షణే ఆయన ఆయుష్షు తీసిందని కుమారుడు నమ్మారు. ఆ ప్రతిపాదనతో వచ్చిన బిల్లును అధ్యక్షుడు కూలిడ్జ్ 1927లో ఒకసారి, 1928లో మరొకసారి తిరస్కరించారు. తరతరాలుగా రిపబ్లికన్ పార్టీని నమ్ముకున్న కుటుంబం ఆ పార్టీకి దూరమైంది. ఈలోగా మొక్కజొన్న విస్తీర్ణం తగ్గించి పశుగ్రాసపు పంటలు వేయవలసిందిగా వాలెస్ తన పత్రికలో ఎంతగా ప్రబోధించినా ఫలితం లేకపోయింది. పక్కవాడు తగ్గిస్తే తాను పెంచి లాభపడదామని ప్రతి రైతూ ఆలోచిస్తాడు. లక్షలాది మంది విడివిడిగా పండించే సరకుకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు.

కర్మాగారానికి ఆ జబ్బు లేదు. 1929లో మహా ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడింది. వాలెస్ మంత్రిత్వశాఖలో సలహాదారుగా పనిచేసిన ఆర్థికవేత్త గార్డినర్ మీన్స్ తీసిన లెక్కలు దాన్ని చూపుతాయి. 1929 నుంచి 1933 ఆరంభం వరకు వ్యవసాయ పనిముట్ల కంపెనీలు ఉత్పత్తిని 80 శాతం తగ్గించుకుని ధరను 6 శాతం మాత్రమే తగ్గించాయి. రైతులేమో ఉత్పత్తిని 6 శాతం తగ్గించగా, వారి ధర 63 శాతం పడిపోయింది. గిరాకీ లేనప్పుడు ఫ్యాక్టరీ తలుపులు మూస్తారు, కార్మికుడు రోడ్డున పడతాడు, ధర నిలుస్తుంది. రైతు మాత్రం అప్పు వాయిదా కట్టడానికి ఇంకో నాలుగు గింజలు ఎక్కువ పండించాలని చూస్తాడు. దాంతో ధర ఇంకా కుంగుతుంది.

1929లో పౌను 17 సెంట్ల దరిన ఉన్న పత్తి రెండు మూడేళ్లలో ఆరు సెంట్ల దాపుకు పడింది. అమ్మితే వచ్చే డబ్బు బొగ్గు ఖర్చుకు కూడా రాదని అయోవా రైతులు చలికాలంలో మొక్కజొన్న కంకులనే పొయ్యిలో వేసుకున్నారు. దేశం మొత్తం మీద రైతుల నికరాదాయం 1932 నాటికి 1929లో ఉన్నదానిలో మూడోవంతుకు చేరింది. తలసరి లెక్కలో రైతు కుటుంబీకుడి రాబడి ఇతరుల రాబడిలో సగం కూడా లేదు. అప్పటికి జనాభాలో నాలుగోవంతు సేద్యం మీదే ఉన్నారు. 1932లో అయోవాలో రైతులు హాలిడే సంఘం పెట్టి, సరకు బజారుకు పోకుండా రోడ్లకు అడ్డంగా నిలబడ్డారు. గిట్టుబాటు లేదని 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ప్రకటించిన క్రాప్ హాలిడే మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పేరు ఒకటే అయినా అయోవా రైతులు ఆపింది అమ్మకాన్ని, కోనసీమ రైతులు ఆపింది సాగునే. 1933 ఏప్రిల్‌లో లెమార్స్ పట్టణంలో జప్తు కేసులు చూస్తున్న న్యాయమూర్తిని రైతులు కోర్టు హాలులోంచి ఈడ్చుకుపోయారు. అప్పటికి వాలెస్ వ్యవసాయ మంత్రి అయి రెండు నెలలు కూడా కాలేదు.

కోత పథకం

అధ్యక్షుడు రూజ్వెల్ట్ మంత్రివర్గంలో 1933 మార్చిలో చేరిన వాలెస్ మే 12 నాటికి వ్యవసాయ సర్దుబాటు చట్టాన్ని తేగలిగారు. 1909-14 మధ్య పంట ధరలకు, రైతు కొనే వస్తువుల ధరలకు ఉన్న నిష్పత్తినే మళ్లీ సాధించాలన్నది దాని లక్ష్యం. పారిటీ అన్న మాట చట్టంలోకి ఎక్కింది. విస్తీర్ణం తగ్గించడానికి ఒప్పుకున్న రైతుకు ప్రభుత్వం సొమ్ము చెల్లిస్తుంది. ఆ సొమ్మును మిల్లుల మీద, మాంసం శుద్ధి చేసే కంపెనీల మీద వేసే పన్ను ద్వారా రాబడుతుంది.

అయితే చట్టం వచ్చేనాటికే పత్తి మొలకెత్తింది, పందులు ఈనాయి. అందుకే ఆ ఏడాది చేలను దున్నించవలసి వచ్చింది, సుమారు 60 లక్షల పందిపిల్లలను వధించవలసి వచ్చింది. కొంత మాంసాన్ని నిరుద్యోగులకు పంచినా, చాలా భాగం కొవ్వుగా, ఎరువుగా మారిందని తెలిసి జనం మండిపడ్డారు. పట్టణాల్లో రొట్టె కోసం బారులు తీరిన మనుషులు ఒకవైపు, పాతిపెట్టిన మాంసం మరోవైపు. ఈ అపఖ్యాతి వాలెస్‌ను జీవితాంతం వెన్నాడింది. కర్మాగారం ఉత్పత్తి తగ్గిస్తే ఎవరికీ పాపంగా తోచదని, రైతు తగ్గిస్తే మాత్రం మహాపాపంగా కనిపిస్తుందని ఆయన వాదించారు. తర్కం ప్రకారం ఆ మాట కాదనలేనిది. ఆకలిగొన్నవాడికి మాత్రం ఆ తర్కం మింగుడుపడదు.

1935 నాటికి రైతుల రాబడి 1932 కంటే సగానికి పైగా పెరిగింది. దీనికి చట్టం ఎంత కారణమో, 1934లో వచ్చిన భయంకరమైన కరవు అంతే కారణం. వర్షాలు లేక పంటలు ఎండి, మైదానాల మట్టి ఆకాశానికి లేచి, ఆ ఏడు మే నెలలో తూర్పుతీర నగరాల మీద దుమ్ముగా కురిసింది. 1936 జనవరిలో సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేసింది. రెండు నెలలు తిరగకుండానే భూసార సంరక్షణ పేరుతో దాదాపు అదే చెల్లింపు మళ్లీ వచ్చింది. నేలను కాపాడే పంటలు వేస్తే సొమ్ము ఇస్తారు. ఆ పంటలు వేస్తే పత్తి, గోధుమ సహజంగానే తగ్గుతాయి.

పంట పండిన ఏడు ప్రభుత్వం గిడ్డంగిలో చేర్చుకుని, ఎండిన ఏడు విడుదల చేసే నిత్య ధాన్యాగారం ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ఆలోచన. ప్రాచీన చైనా ధాన్యాగారాల గురించి చెన్ హువాన్ చాంగ్ అనే పండితుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో రాసిన గ్రంథం వాలెస్‌కు దారి చూపింది. రైతు పంటను తాకట్టు పెట్టి నిర్ణీత ధర మేరకు ప్రభుత్వ రుణం తీసుకోవచ్చు. బజారు ధర పెరిగితే అమ్మి అప్పు తీర్చవచ్చు, పెరగకపోతే సరకును ప్రభుత్వానికే వదిలేయవచ్చు. 1933లో మొక్కజొన్న మీద మొదలైన ఈ ఏర్పాటు 1938 చట్టంతో స్థిరపడింది. అలా కూడిన నిల్వలు రెండో ప్రపంచయుద్ధంలో అక్కరకు వచ్చాయి. మద్దతు ధర, మధ్యంతర నిల్వ అన్న జంట ఏర్పాటు మనదేశంలో 1965లో వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహార సంస్థల రూపంలో వచ్చింది. రెండింటి వెనుక ఉన్న తలంపు ఒకటే.

కౌలుదారుడి వంతు

వాలెస్ పాలనలో పెద్ద మచ్చ దక్షిణాది కౌలుదార్ల విషయంలో పడింది. పత్తి విస్తీర్ణం తగ్గించినందుకు ఇచ్చే సొమ్ము ఎక్కువగా భూస్వామి చేతికి వెళ్లేది. పంటలో వాటాకు సాగుచేసే బీద కౌలుదారుడికి, నల్లవాడైనా తెల్లవాడైనా, న్యాయంగా చేరవలసిన భాగం చేరలేదు. పైగా పత్తి తగ్గితే మనుషుల అవసరమూ తగ్గింది. అనేక కుటుంబాలు గుడిసెలు ఖాళీ చేసి వీధిన పడ్డాయి. ఒప్పందంలోని షరతు ప్రకారం పాత కౌలుదార్లనే కొనసాగించాలని శాఖలోని యువ న్యాయవాదులు 1935 ఆరంభంలో వ్యాఖ్యానించగా, వారిని ఉద్యోగాల నుంచి తొలగించారు. మంత్రి తొలగించిన అధికారి పక్షాన నిలిచారు. పార్లమెంటులో దక్షిణాది సభ్యుల మద్దతు లేకుంటే ఏ చట్టమూ గట్టెక్కదన్నది ఆయన లెక్క కావచ్చు. మరుసటి ఏడు ఆయన స్వయంగా దక్షిణాది పల్లెల్లో తిరిగి, ఐరోపాలో ఏ రైతూ అనుభవించనంత దారిద్ర్యాన్ని చూసి కలత చెందారు. 1937లో కౌలుదార్లకు భూమి కొనుగోలు రుణాలిచ్చే చట్టానికి గట్టి మద్దతు ఇచ్చారు. అప్పటికే చాలామంది ఊళ్లు వదిలేశారు.

ఎకరాను బట్టి ఇచ్చే సాయం పట్టా ఉన్నవాడికే చేరుతుందన్న సంగతి మన రాష్ట్రాలకు కొత్తది కాదు. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు కూడా కౌలురైతులకు వర్తించలేదు.

మంత్రిగా ఉన్న కాలంలోనే వాలెస్ మరొక చిక్కు కొనితెచ్చుకున్నారు. ఆధ్యాత్మిక విషయాల మీద ఆసక్తి గల ఆయన, కులూ లోయలో స్థిరపడిన రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్‌ను గురువుగా భావించారు. కరవును తట్టుకునే గడ్డిజాతులను వెదకడానికి 1934లో రోరిక్ బృందాన్ని ప్రభుత్వ ఖర్చుతో మంచూరియా, మంగోలియాలకు పంపారు. అక్కడ రోరిక్ రాజకీయాల్లో తలదూర్చగా, యాత్రను రద్దు చేశారు. ఆయనకు వాలెస్ రాసిన లేఖలు తదుపరి ఎన్నికల్లో ప్రత్యర్థులకు ఆయుధాలయ్యాయి. ఈ రోరిక్ కుమారుడినే మన వాల్తేరులో పుట్టిన సినీనటి దేవికారాణి వివాహమాడారు.

మెక్సికో మీదుగా

1940 ఎన్నికలలో వాలెస్ ఉపాధ్యక్షుడిగా గెలిచారు. పదవి చేపట్టకముందే, మెక్సికో కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి తన కారును తానే నడుపుకుంటూ వెళ్లారు. దారి పొడుగునా ఆగి మొక్కజొన్న చేలు చూశారు. అక్కడి రైతు పడే శ్రమకు, దక్కే ఫలానికి పొంతన లేకపోవడం గమనించి, తిరిగొచ్చాక రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెద్దలతో మాట్లాడారు. ఫౌండేషన్ 1943లో మెక్సికోలో వ్యవసాయ పరిశోధన ప్రారంభించింది. 1944లో అక్కడ చేరిన నార్మన్ బోర్లాగ్ పొట్టి గోధుమ రకాలను సృష్టించారు. వాటి నమూనాలు 1963లో మనదేశానికి వచ్చాయి. ఆహార మంత్రి సి.సుబ్రహ్మణ్యం, శాస్త్రవేత్త ఎం.ఎస్.స్వామినాథన్‌ల చొరవతో 1966లో 18,000 టన్నుల విత్తనం దిగుమతి అయింది. ఆ ఏడాదే మనదేశం కోటి టన్నులకు మించి తిండిగింజలు విదేశాల నుంచి తెప్పించుకుంది. అందులో పెద్ద వాటా అమెరికా మిగులు నిల్వలదే. 1966-67లో 1.14 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి 1971-72 నాటికి 2.64 కోట్ల టన్నులకు చేరింది. ఒక దేశపు మిగులు సమస్య మరొక దేశపు కొరత సమస్యతో ముడిపడిన తీరు ఇది.

వాలెస్ రాజకీయ జీవితం మాత్రం అంతటితో దిగజారింది. ఆసియా వలసలకు స్వాతంత్ర్యం రావాలని 1944లో ప్రచురించిన చిన్న పుస్తకం బ్రిటిష్ పాలకులకు కంటగింపయింది. స్వపక్షంలో పట్టణ నాయకులకు, దక్షిణాది వారికి ఆయన గిట్టలేదు. ఆ ఏడు ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఆయనను తప్పించి ట్రూమన్‌ను నిలబెట్టారు. రూజ్వెల్ట్ 1945 ఏప్రిల్‌లో మరణించగా, అధ్యక్ష పీఠం ట్రూమన్‌కు దక్కింది. వాణిజ్య మంత్రిగా ఉన్న వాలెస్ సోవియట్ రష్యాతో సఖ్యత కోరుతూ ప్రసంగించినందుకు 1946లో పదవి కోల్పోయారు. 1948లో సొంత పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేస్తే రెండున్నర శాతం ఓట్లు కూడా రాలేదు. నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనని భీష్మించినందుకు దక్షిణాదిలో ఆయన మీద కోడిగుడ్లు విసిరారు. చివరి ఏళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ సేలం వద్ద తన క్షేత్రంలో కోళ్లు, స్ట్రాబెర్రీలు, గ్లాడియోలస్ పువ్వుల మీద ప్రయోగాలతో గడిపారు. కండరాలను క్షీణింపజేసే నరాల వ్యాధితో 1965 నవంబర్ 18న కన్నుమూశారు.

మూడో దారి

ఆయన విత్తనం ఏం చేసిందో అంకెలు చెబుతాయి. అంతర్యుద్ధ కాలం నుంచి 1930ల దాకా అమెరికాలో ఎకరాకు మొక్కజొన్న దిగుబడి 26 బుషెళ్ల చుట్టూనే తిరిగింది, అంటే ఆరున్నర క్వింటాళ్లు. 1942 నాటికి అయోవాలో దాదాపు అంతటా సంకర రకాలే. ఎరువులు, యంత్రాలు తోడై 2023లో జాతీయ సగటు 177 బుషెళ్లు, అంటే 45 క్వింటాళ్లకు చేరింది. గుర్రాల స్థానంలో ట్రాక్టర్లు రావడంతో, మొత్తం సాగుభూమిలో వాటి మేత కోసం వాడిన నాలుగోవంతు వరకు నేల మనుషుల తిండికి, అమ్మకానికి మళ్లింది. పండేది ఇంతగా పెరిగినా, తినే కడుపు అంతగా పెరగదు. ఆదాయం పెరిగే కొద్దీ తిండి మీద పెట్టే ఖర్చు వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎంగెల్ 1857లోనే తేల్చారు. 1930లలో అమెరికన్ కుటుంబం చేతికొచ్చిన ఆదాయంలో ఐదోవంతుకు పైగా తిండికి పోయేది. ఇటీవలి కాలంలో అది పదోవంతు దరిన ఉంది. అందులోనూ వినియోగదారుడు పెట్టే డాలరులో పొలానికి చేరేది సుమారు 15 సెంట్లు. మిగిలింది రవాణా, శుద్ధి, ప్యాకింగు, దుకాణం, హోటలు వారిది.

కొత్త విత్తనాన్ని ముందుగా వేసిన రైతు లాభపడతాడు. అందరూ వేశాక ధర పడి, లాభం వినియోగదారుడికి పోతుంది. వెనకబడినవాడు సేద్యం వదులుతాడు. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే తిరుగుడు యంత్రంతో అమెరికా ఆర్థికవేత్త విల్లర్డ్ కాక్రేన్ 1958లో దీన్ని పోల్చారు. వాలెస్ కంపెనీ ఆ యంత్రాన్ని వేగంగా తిప్పింది. వాలెస్ చట్టం దానికి అడ్డుకట్ట వేయబోయింది. విస్తీర్ణం తగ్గించిన రైతు మిగిలిన ఎకరాల్లో సంకర విత్తనం, ఎరువు ఎక్కువ వేసి తగ్గినదాన్ని పూడ్చుకున్నాడు. చివరకు 1996 చట్టంతో ఏటేటా భూమిని పడావు పెట్టించే పద్ధతికే అమెరికా స్వస్తి చెప్పింది. చెల్లింపులు మాత్రం ఆగలేదు. 2020లో అక్కడి నికర వ్యవసాయాదాయంలో ఇంచుమించు సగం ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చిందే.

మరి అంతరం ఎలా తగ్గింది? మనుషులు వెళ్లిపోవడం వల్ల. 1940-45 మధ్య ఐదేళ్లలోనే సుమారు 60 లక్షల మంది పొలాలు వదిలి సైన్యానికి, ఆయుధ కర్మాగారాలకు వెళ్లారు. అదే కాలంలో రైతుల నికరాదాయం రెట్టింపుకు మించింది. యుద్ధం ముగిసినా వలస ఆగలేదు. 1935లో 68 లక్షలున్న వ్యవసాయ క్షేత్రాలు 2022 నాటికి 19 లక్షలయ్యాయి. సగటు క్షేత్రం 155 ఎకరాల నుంచి 463 ఎకరాలకు పెరిగింది. పది లక్షల డాలర్లకు మించి అమ్మకాలున్న ఆరు శాతం క్షేత్రాలే మొత్తం సరకులో మూడొంతులకు పైగా అమ్ముతున్నాయి. మిగిలిన వారిలో అత్యధికులకు రాబడి పొలం నుంచి కాక ఉద్యోగం నుంచి వస్తుంది. భర్త కర్మాగారంలోనో, భార్య బడిలోనో, ఆస్పత్రిలోనో పనిచేస్తారు. 1990ల చివరి నుంచి అమెరికా రైతు కుటుంబపు మధ్యస్థ ఆదాయం మిగతా కుటుంబాలను మించింది. అందులో సేద్యం నుంచి వచ్చే మధ్యస్థ రాబడి మాత్రం ఇటీవల చాలా ఏళ్లలో సున్నాకు కాస్త దిగువనే ఉంది. దారి సాఫీగా కూడా లేదు. 1980లలో వడ్డీ రేట్లు పెరిగి భూమి ధర కూలినప్పుడు వాలెస్ పుట్టిన అయోవాలోనే మళ్లీ వేలం పాటలు, ఆత్మహత్యలు చోటుచేసుకున్నాయి.

వాలెస్ స్థాపించిన కంపెనీని డ్యూపాంట్ సంస్థ 1999లో పూర్తిగా కొనేసింది. 2019 నుంచి అది కోర్టెవాలో భాగం. పయొనీర్ పేరు గల మొక్కజొన్న విత్తనాల సంచులు తెలంగాణ, కోస్తా జిల్లాల రైతులకు సుపరిచితం. ఏటా కొత్త సంచి కొనవలసిన పరిస్థితి 1926 నాటిదే.

పారిటీ ప్రసక్తి మనదేశంలోనూ వచ్చింది. వ్యవసాయ, వ్యవసాయేతర రంగాల మధ్య వినిమయ నిష్పత్తిని కూడా గమనించాలని 1980లో ధరల కమిషన్ విధుల్లో చేర్చారు. స్వామినాథన్ అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2006లో సాగు ఖర్చు మీద యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని సిఫార్సు చేసింది. మద్దతు ధర అవసరం లేదని వాలెస్ జీవితం చెప్పదు. 1933లో అది లేకుంటే అయోవా రైతు మిగిలేవాడే కాడు. అయితే ధర కుప్పకూలకుండా ఆపడం వేరు, కుటుంబ ఆదాయాన్ని పట్టణంతో సమానం చేయడం వేరు. 2023-24 శ్రామికశక్తి సర్వే ప్రకారం మనదేశంలో పనిచేసేవారిలో సుమారు 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. జాతీయోత్పత్తిలో ఆ రంగం వాటా ఐదోవంతు కంటే తక్కువ. అమెరికా రైతు పొలం దిగినప్పుడు ఎదురుగా డెట్రాయిట్, షికాగో కర్మాగారాలు ఉన్నాయి. మన రైతుకు ఎదురయ్యేది చాలాచోట్ల భవన నిర్మాణపు కూలీ. 2018-19లో జాతీయ నమూనా సర్వే లెక్కకట్టిన వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంటల మీద వచ్చింది 3,798 రూపాయలు, కూలి, వేతనాల మీద వచ్చింది 4,063 రూపాయలు.